సెకండ్ హ్యాండ్ విమానాన్ని ఇంటికి తోలుకొచ్చేదెట్లా?

ఎప్పుడూ బోరు మోటర్లు, ఇన్వర్టర్లు, ట్రాక్టరు హైడ్రాలిక్కుల గురించి అడిగే ఈ శీర్షికకు ఈసారి ఒకే ఇంటి నుంచి రెండు ఉత్తరాలొచ్చినాయి. ఒకటి తాడిపత్రి నుంచి నాయనది, ఇంకోటి అమెరికా నుంచి కొడుకుది, ఒకరు రాసినట్లు ఇంకొకరికి తెలీదనుకుంటా. రెండూ ఒకే విమానం గురించి. పేర్లు వేయట్లేదు, ఇంట్లో గొడవ నావల్ల పెద్దది కాకూడదు గదా. నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ల దగ్గర, ఆ తర్వాత బెంగళూరులో చిన్న విమానాల దగ్గర పనిచేసి రిటైరయ్యి కడపలో కూర్చున్నోడిని కాబట్టి ఈ ఉత్తరాలు చూసి నాకు పండగే అయింది, బోరు మోటర్లోళ్లు ఈ ఒక్కసారికి ఓపిక పట్టండి.

ప్రశ్న: అయ్యా, నాది తాడిపత్రిలో ట్రాక్టర్ మెకానిక్ షెడ్డు, ముప్పై ఏండ్లుగా ఇదే పని. మావాడు డల్లాస్ పక్కన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. కారు కొన్నా అంటే సంతోషపడితిమి, ఇల్లు కొన్నా అంటే సంతోషపడితిమి, ఇప్పుడు విమానం కొన్నా నాయనా అంటాడు. అదీ కంపెనీ విమానం కాదంట, ఎవరో పెద్దాయన ఇంటి గ్యారేజీలో రేకులు కోసి రివిట్లు కొట్టి చేసిందంట, పాతికేండ్ల నాటిదంట, కాలిఫోర్నియాలో ఉందంట, దాన్ని వీడు గాల్లో తోలుకుంటా ఇంటికి తెస్తాడంట. లారీలో ఎక్కించుకోని రారా అంటే నవ్వుతాడు. వాళ్లమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. ఇట్లాంటివి ఆడ గవర్నమెంటు ఒప్పుకుంటాదా, నమ్మొచ్చా? ఉన్నది ఉన్నట్లు చెప్పండి.
— తాడిపత్రి

జవాబు: అన్నా, ముందు వదినను అన్నం తినమను. గవర్నమెంటు ఒప్పుకుంటాది. అమెరికాలో దీనికి ఒక లెక్కే ఉంది, విమానంలో సగానికి పైగా పనిని ఎవరైనా నేర్చుకోడానికో సరదాకో సొంతంగా చేసుకుంటే దాన్ని అమెచూర్ బిల్ట్ కింద ఎక్స్‌పెరిమెంటల్ సర్టిఫికెట్ ఇచ్చి ఎగరనిస్తారు, ఆడోళ్లు వాడుకలో 51 శాతం రూలు అంటారు. కట్టినాక కూడా వెంటనే జనాన్ని ఎక్కించుకోనియ్యరు, మామూలుగా 25 లేదా 40 గంటలు ఒక నిర్ణయించిన ఏరియాలోనే తిప్పి తిప్పి పరీక్ష చెయ్యాల. మీవాడు కొన్న ఆర్‌వీ-6 అనేది వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అని ఆరెగాన్ రాష్ట్రం కంపెనీ అమ్మే కిట్టు. రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ అనే ఇంజనీరు 1970ల మొదట్లో పెట్టిన కంపెనీ అది, వాళ్ల కిట్లతో కట్టిన విమానాలు ఇప్పటికి 11,000కు పైగా ఎగిరినాయి. అంటే నీ కొడుకు కొన్నది ఎవడో పిచ్చోడు చేసిన బొమ్మ కాదు, ఆ లోకంలో మన మహీంద్రా 575 లాంటిది, అందరికీ తెలిసిన బండే.

కానీ ఈడొక మెలిక ఉంది, నువ్వు మెకానిక్ కాబట్టి నీకు తొందరగా అర్థమైతాది. 575 ట్రాక్టరు అనంతపురంలో కొన్నా ఆదోనిలో కొన్నా అదే బోల్టు అదే చోట ఉంటాది. ఇంట్లో కట్టిన విమానం అట్ల కాదు. రేకులూ డ్రాయింగూ కంపెనీవి, మిగతాదంతా కట్టినాయన చెయ్యి. వైరింగు ఆయన ఇష్టం, పెట్రోలు పైపు యాడ నుంచి తిప్పినాడో ఆయన ఇష్టం, యాడ ఏ స్విచ్చి పెట్టినాడో ఆయన ఇష్టం. రెండు ఆర్‌వీ-6లు పక్కపక్కన పెడితే బయటికి కవలల మాదిరి ఉంటాయి, లోపల చూస్తే పెదనాన్న కొడుకులు కూడా కాదు. పదివేలకు పైగా రివిట్లు ఉంటాయి దాంట్లో, ఒక్కో రివిట్టు ఒక్కో సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చినాక కొట్టింది. కొంతమంది కంపెనీ విమానం కంటే శుభ్రంగా కడతారు, కొంతమంది కట్టింది చూస్తే మనకు దండం పెట్టాలనిపిస్తాది, దూరం నుంచి.

బెంగళూరులో ఉన్నప్పుడు నేనొకసారి ఒక చిన్న విమానం తోక దగ్గర తనిఖీ మూత తీసినా. ఎలివేటర్‌ను, అంటే విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక రేకును, కదిలించే కడ్డీ పక్కనే, సందులో, తుప్పు పట్టిన పది పదకొండు పానా ఒకటి కూర్చోనుంది. ఎన్నేండ్ల నుంచి ఉందో తెలీదు, ఎవరు మర్చిపోయినారో తెలీదు, ఇంకొక అంగుళం జరిగుంటే కడ్డీకి అడ్డంపడేది. ఆ పానా ఇప్పటికీ మా ఇంట్లో టీవీ పక్కన పెట్టుకోనుండా, మా మనవడు అడిగితే చెప్తా.

లారీ సంగతంటావా, నువ్వనుకున్నంత తేలిక కాదు. ఆర్‌వీ-6 రెక్కలు పీకితే వచ్చే రకం కాదు, బాడీ మధ్యలో రెక్కలను మోసే దూలం ఉంటాది, స్పార్ అంటారు, దానికి చాలా బోల్టులు బిగువుగా, తలవెంట్రుక సందు కూడా లేకుండా కూర్చోనుంటాయి, వాటిని తట్టి బయటికి తీసి మళ్లీ తట్టి లోపలికి పంపడం కంటే బాగున్న విమానాన్ని బాగా చెక్ చేసుకోని ఎగరడమే మేలని ఆడ చాలామంది అనుకుంటారు. నా మాటా అదే.

నీకు ఒక పని చెప్తా. ఇంజను మీద కప్పే రేకు మూత, కౌలింగ్ అంటారు, అది తీపిచ్చి నాలుగు పక్కల నుంచి ఫోటోలు వాట్సాప్‌లో పంపమను. అది నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, గాలికి చల్లబడేది, రేడియేటరు ఉండదు, అంతే తేడా. రబ్బరు హోసు యాడైనా రేకు అంచుకు రాసుకుంటాందా, ఎగ్జాస్ట్ పైపు కీలు దగ్గర తెల్లగా బూడిద గీత కనపడతాందా, కింద భాగంలో ఆయిల్ చెమ్మ పట్టిందా చూడు. ముప్పై ఏండ్ల కన్ను అది, ల్యాప్‌టాప్ ముందర కూర్చున్న కన్ను కంటే నీదే ముందు పట్టుకుంటాది.

ప్రశ్న: సార్, మా నాయన మీ శీర్షిక కత్తిరించి షెడ్డు గోడకు అంటిస్తాడు, మీరు చెప్తే వింటాడు, అందుకే రాస్తున్నా. ఆర్‌వీ-6 కొన్నా. 160 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-320 ఇంజను, కట్టె ప్రొపెల్లరు, వెనక తోక చక్రం ఉండే రకం. ఇంజను 900 గంటలు తిరిగింది, పోయిన రెండేళ్లుగా పెద్దగా ఎగరలేదు. సముద్రం పక్కన హ్యాంగర్‌లో ఉంది. నాకు లైసెన్సు వచ్చి మూడేళ్లు, 180 గంటలు, అన్నీ సెస్నా 172లోనే. లాస్ ఏంజిలిస్ దగ్గర నుంచి డల్లాస్‌కు ఒక శని ఆదివారాల్లో తెచ్చేద్దామని ప్లాను. తెచ్చినాక పాత డయల్స్ అన్నీ పీకేసి గార్మిన్ స్క్రీన్లు, ఆటోపైలట్, కాన్‌స్టెంట్ స్పీడ్ ప్రొపెల్లరు, కొత్త పెయింటు. ఏది ముందు చెయ్యాల? నాన్నకు చెప్పే పద్ధతిలో చెప్పండి ప్లీజ్.
— టెక్సాస్ నుంచి తాడిపత్రి పిల్లోడు

జవాబు: మీ నాయనకు చెప్పాల్సింది పైన చెప్పినా, చదువుకో. ఇప్పుడు నీకు.

మొట్టమొదట కాగితం. నువ్వు హెచ్-1బీ మీద ఉండావా గ్రీన్ కార్డు ఉందా రాయలేదు. అమెరికాలో విమానం ఒక మనిషి పేరు మీద రిజిస్టర్ కావాలంటే ఆ మనిషి ఆడి పౌరుడన్నా కావాల, గ్రీన్ కార్డన్నా ఉండాల. వీసా మీద ఉన్నోళ్ల సొంత పేరు మీద కాదు. దానికి ట్రస్టు పేరు మీద పెట్టుకునే దారి ఉంది, లాయరు చూసుకుంటాడు, కానీ డబ్బులు కట్టి తాళాలు తీసుకున్నాక తెలిసేదానికంటే ముందు తెలిస్తే మంచిది, ఆన్‌సైట్ పోయినోళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ. దాంతో పాటే విమానంలో ఆపరేటింగ్ లిమిటేషన్స్ అని కొన్ని పేజీలుంటాయి, ఆ ఒక్క విమానానికే రాసిచ్చినవి. అవి లోపల లేకుండా ఎగరగూడదు, కూర్చోని ఒకసారి పూర్తిగా చదువు, తర్వాత నీ అప్‌గ్రేడ్ల దగ్గర మళ్లీ వాటితో పని పడతాది.

రెండేళ్లు పెద్దగా ఎగరలేదు అన్నావు చూడు, నీ ఉత్తరంలో నాకు ఎక్కువ భయం పుట్టించింది ఆ మాటే. 900 గంటలంటే ఆ ఇంజనుకు పెద్ద వయసు కాదు, కంపెనీ ఓవరాలుకు చెప్పే లెక్క 2,000 గంటలు. కానీ అదే కంపెనీ 12 ఏండ్లు అని కూడా చెప్తాది, పాతికేండ్ల విమానంలో గంటలు మాత్రమే చూసి మురిసిపోవద్దు. లైకమింగ్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ పైన ఉంటాది, ఇంజను నిలబడిపోతే దాని మీది ఆయిలంతా కిందికి జారిపోయి ఇనుము బోడిగా మిగులుతాది, సముద్రపు గాలి తోడైతే తుప్పు పట్టే దానికి మొదటి చోటు అదే. అట్ల తుప్పు పట్టిన క్యామ్ బయటికి ఏమీ చెప్పదు, స్టార్ట్ అయితాది, బాగానే తిరుగుతాది, తర్వాత అరిగిన పొడి ఆయిల్ ఫిల్టర్‌లో తేలతాది. కాబట్టి ఫిల్టర్ తీసి కోసి, పేపరు పరిచి, వెలుతురులో మెరుపు ఉందా చూడాల, మాగ్నెట్ పెట్టి చూడాల. సిలిండర్లలోకి 80 ప్రెషరు గాలి పెడితే ఎంత నిలుస్తాందో రాసుకోవాల, కంప్రెషన్ టెస్టు అంటారు, బోరోస్కోప్ పెట్టి లోపల చూడాల. ఇది నువ్వు చేసేది కాదు, అమ్మేవాడి స్నేహితుడు చేసేది అస్సలు కాదు, ఆర్‌వీలు తెలిసిన మెకానిక్కుతో నీ డబ్బుతో చేపిచ్చుకో. పెట్రోలు, ఆయిలు హోసులు ఎప్పటివో అడుగు, తేదీ చెప్పలేకపోతే మార్పిచ్చు. సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూడకుండా కొమ్ముల రంగు చూసి కొనేవాడిని మనం ఏమంటాం?

కట్టె ప్రొపెల్లరు గురించి మీ నాయన గొడ్డలిని గుర్తు చేసుకో. ఎండాకాలం పిడి వదులైతాది, నీళ్లలో నానబెడితే మళ్లీ బిగుస్తాది. ప్రొపెల్లరుకూ అదే కట్టె, అదే గుణం. సముద్రం పక్కన చెమ్మలో ఉన్నది అరిజోనా ఎడారి దాటి వచ్చేసరికి కట్టె ఎండి బోల్టుల బిగువు తగ్గతాది. బయల్దేరేముందు టార్క్ చూడు, ఇంటికొచ్చినాక మళ్లీ చూడు, తర్వాత ప్రతి సీజనుకూ ఒకసారి.

ఇంక నువ్వు. సెస్నా 172కు ముందు చక్రం ఉంటాది, దీనికి తోక చక్రం. టెక్నికల్‌గా ఏం జరుగుతాదంటే విమానం బరువు పెద్ద చక్రాల వెనక ఉంటాది, దిగినాక కొంచెం వంకర పోతే ఆ బరువు ఇంకా వంకర తిప్పతాదే కానీ సరిచెయ్యదు. ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి రివర్స్‌లో తోలినట్లు. ముందుకు తోలేటప్పుడు ట్రాలీ దానంతట అదే వస్తాది, వెనక్కి తోలేటప్పుడు ఒక్క క్షణం ఏమారితే మడత పడతాది, నువ్వు చిన్నప్పుడు షెడ్డు ముందర మడత పెట్టే ఉంటావులే. దానికి తోక చక్రం ఎండార్స్‌మెంట్ అని వేరే ట్రైనింగు ఉంది, అది చట్టం. దాంతో పాటు ఇన్సూరెన్సోళ్లు ఆర్‌వీలోనే ఇన్ని గంటలు ఇన్‌స్ట్రక్టరు పక్కన కూర్చోని ఎగరాల అంటారు, గొణగకుండా చెయ్యి. నన్నడిగితే అదే ఇన్‌స్ట్రక్టరును ఇంటిదాకా పక్క సీట్లో కూర్చోపెట్టుకో, ఆయన తిరుగు టికెట్టు నువ్వే పెట్టుకో, తిండి నువ్వే పెట్టు. మీ అమ్మ అన్నం తినడానికి నాకు తెలిసిన దగ్గరి దారి అదే.

పెట్రోలు వాల్వు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, విసుక్కోవద్దు. జాన్ డెన్వర్ అని అమెరికాలో పెద్ద పేరున్న గాయకుడు ఉండేవాడు, మంచి పైలట్టు కూడా, వేల గంటలు ఎగిరినోడు. ఆయన లాంగ్-ఈజీ అనే ఇంట్లో కట్టిన విమానం ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. డిజైను ప్రకారం పెట్రోలు ట్యాంకు మార్చే వాల్వు పైలట్టు కాళ్ల మధ్యన ఉండాల. కట్టినాయన పెట్రోలు పైపు క్యాబిన్‌లోకి రాకుండా ఉంటే భద్రం అనుకోని దాన్ని ఎడమ భుజం వెనక పెట్టినాడు, ఆయన ఉద్దేశం మంచిదే. 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలో మాంటెరే దగ్గర ఎగరబోయే ముందు డెన్వర్‌కు ఆ పిడి అందలేదు, మెకానిక్కుతో కలిసి దానికి ఒక కటింగ్ ప్లేయర్ లాంటిది తగిలించి చూసినారు, అదీ కుదరలేదు. పెట్రోలు గేజీలు కూడా సీటు వెనకే, చూసుకోడానికి మెకానిక్కు ఒక అద్దం ఇచ్చినాడు. పెట్రోలు పోయమంటారా అంటే గంటసేపే గదా వద్దులే అన్నాడు. కాసేపటికి విమానం సముద్రంలో పడిపోయింది, ఆయన పోయినాడు. దర్యాప్తులో తేలింది ఏందంటే, వాల్వు కోసం వెనక్కి ఒళ్లు తిప్పినప్పుడు కాలు తెలీకుండానే విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ పెడల్‌ను నొక్కుతాది, విమానం వంకర తిరుగుతాది.

ఆర్‌వీ-6లో వాల్వు మామూలుగా రెండు సీట్ల మధ్యన చేతికందే చోటే ఉంటాది. అయినా నువ్వు నేల మీద కళ్లు మూసుకోని కూర్చోని యాభైసార్లు తిప్పు. నీ సెస్నాలో రెక్కలు పైనుండి పెట్రోలు బరువుకే కిందికి దిగుతాది, రెండు ట్యాంకులూ ఒకేసారి తెరుచుకోని ఎగురుతాంటివి. దీంట్లో రెక్కలు కింద, పంపు పీల్చాల. రెండు ట్యాంకులూ ఒకేసారి తెరిస్తే ఒకటి ఖాళీ అయిన క్షణమే పంపు దాంట్లో నుంచి గాలి పీలుస్తాది, బావిలో రెండు పైపులేసి ఒకటి నీళ్లపైకి తేలితే మోటరు గాలి పట్టినట్లు, రెండోదాంట్లో ఎన్ని నీళ్లుంటే ఏం లాభం. అందుకే ఎడమ కానీ కుడి కానీ ఒకటే. అరగంటకోసారి మార్చుకుంటా రావాల, మర్చిపోకుండా మోకాలికి టైమరు కట్టుకో.

దూరం లాస్ ఏంజిలిస్ నుంచి డల్లాస్‌కు నేరుగా 2,000 కిలోమీటర్ల దాకా ఉంటాది, అంటే మన తాడిపత్రి నుంచి జమ్మూ దాకా అనుకో. ఈ విమానం గంటకు 250 కిలోమీటర్లు పోతాది, ఎనిమిది తొమ్మిది గంటల పని. ట్యాంకుల్లో 144 లీటర్లు పడతాది, గంటకు 30 లీటర్లు తాగతాది, కాగితం మీద నాలుగున్నర గంటల పైమాటే. నువ్వు మాత్రం దిగకుండా రెండున్నర గంటలకు మించి ఏ విడతా పెట్టుకోవద్దు, ఆ గేజీ నిజం చెప్తాందో అబద్ధం చెప్తాందో నీకింకా తెలీదు. ప్రతి చోటా పోసినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకుంటే ఇంటికొచ్చేసరికి దాని అసలు లెక్క తెలుస్తాది. మొదటి రోజు ప్రయాణమే వద్దు. అదే ఎయిర్‌పోర్టు మీద అరగంట గుండ్రంగా తిరిగి దిగి, కౌలింగ్ తీసి, టార్చ్ పెట్టి కారతాందా వదులైందా చూడు, మళ్లీ ఇంకోసారి అట్లనే.

దారి కొండల మీదుగా నేరుగా గీత గీసుకోవద్దు. దక్షిణం దారి పట్టుకో, ఫీనిక్స్ కింద నుంచి, టూసాన్, డెమింగ్, ఎల్ పాసో, ఐ-10 రోడ్డు పక్కనే. ఇంజను నిలిచిపోతే కింద రోడ్డన్నా ఉంటాది, మనుషులన్నా ఉంటారు. ఎల్ పాసో దాటినాక గ్వాడలూప్ కొండలు, ఆ శిఖరం 2,667 మీటర్లు, మన తిరుమలకు దాదాపు మూడింతల ఎత్తు, గాలి ఉన్న రోజు ఆ కనుమలో విమానాన్ని జల్లెడ పట్టినట్లు పడతాది. పొద్దున్నే దాటు. ఎల్ పాసో ఎయిర్‌పోర్టే 1,200 మీటర్ల ఎత్తులో ఉంది, మధ్యాహ్నం ఎండలో గాలి పల్చబడి ఇంజనుకు సత్తువ తగ్గతాది, రన్‌వే ఎక్కువ తింటాది. దానికి ఉత్తరాన మిలిటరీ ఏరియా ఉంటాది, దక్షిణాన మెక్సికో, మ్యాపు చూసుకోని సందులో పోవాల. రేడియోలో కంట్రోలోళ్లను ఫ్లైట్ ఫాలోయింగ్ అడుగు, అడిగితే చాలు, వీలుంటే కనిపెట్టుకోని ఉంటారు. నీళ్లు రెండు రోజులకు సరిపడా పెట్టుకో, ఎడారి అది.

శని ఆదివారాల్లో తెచ్చేస్తా అన్నావే, అది మాత్రం నాకు నచ్చలా. సోమవారం పొద్దున మీటింగు ఉంటే ఆదివారం సాయంత్రం మబ్బు కూడా పల్చగానే కనపడతాది. ఇంటిదారి పట్టిన ఎద్దు మాదిరి కాళ్లు వాటంతటవే పరిగెత్తుతాయి. మన సీమోళ్లకు మబ్బు గురించి వేరే ఎవరో చెప్పాల్సిన పని లేదు, 2009 సెప్టెంబర్ 2న నల్లమల మీద ఆ వానలో హెలికాప్టరు పావురాలగుట్ట దగ్గర ఏమైందో, ఆ రాత్రంతా మన ఊర్లలో ఎవరు నిద్రపోయినారు? వారం సెలవు పెట్టు. మబ్బుంటే లాడ్జిలో పడుకో. విమానాన్ని దారిలో వదిలేసి బస్సెక్కి ఇంటికి పోయి వచ్చే వారం వచ్చి తీసుకునేదానికి కూడా మనసు రెడీగా పెట్టుకో.

ఇంకొకటి, నువ్వు పెట్టుకునే ఎయిర్‌పోర్టు డల్లాస్‌కు ఎంత దూరం? 2020 జనవరి 1 నుంచి ఆడ పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ 30 నాటికల్ మైళ్ల లోపల విమానం యాడుందో చుట్టూ చెప్పే ఏడీఎస్-బీ అనే పెట్టె లేకుండా తిరగనియ్యరు. పాత విమానాల్లో కొన్నిట్లో అది లేదు. అది లేకపోతే తీరా ఇంటి ముందుకొచ్చినాక గడప దాటలేవు. అట్లనే రాడార్‌కు జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్ పరీక్ష 24 నెలల లోపల అయ్యుండాల, ఏటా చేసే కండిషన్ ఇన్‌స్పెక్షన్ 12 నెలల లోపలిది ఉండాల, రెండేళ్లు పెద్దగా ఎగరలేదంటే రెండూ దాటిపోయుండొచ్చు.

అబ్బా, అప్‌గ్రేడ్లకు వచ్చేసరికి సగం పేజీ అయిపోయింది. సరే.

తెచ్చినాక యాభై గంటలు ఏమీ మార్చొద్దు. అట్లనే ఎగురు. నాకు స్క్రీన్లంటే కోపం లేదు, ఎక్స్‌పెరిమెంటల్ విమానాలకు గార్మిన్, డైనాన్ లాంటోళ్లు ఇచ్చే స్క్రీన్లు నిజంగా బాగుంటాయి, కంపెనీ విమానాల మాదిరి ప్రతిదానికీ అప్రూవల్ పేపరు అక్కర్లేదు కాబట్టి చవకగా కూడా వస్తాయి. కానీ విమానాన్ని తెలుసుకోకముందే ప్యానెల్ పీకితే, తర్వాత ఏదైనా తేడా వస్తే అది పాత రోగమా నువ్వు తెచ్చిన రోగమా అని చెప్పేవాడు ఉండడు. ఈ యాభై గంటల్లో కట్టినాయనకు ఫోన్ చెయ్యి. బతికుంటే ఆయన నంబరు ఇంజను కంటే విలువైంది. యాడ యే వైరు పోయిందో ఆయన డైరీలో ఉంటాది, ఫోటోలుంటాయి, బతిమాలి తెచ్చుకో. ఆయనకు రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ ఉంటే ఏటా ఇన్‌స్పెక్షన్ ఆయనే సంతకం పెట్టొచ్చు, నీకు మాత్రం అది సంక్రమించదు. నువ్వు సొంతంగా పానా పట్టి పని చేసుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటాది, ఏడాదికొకసారి సంతకం మాత్రం లైసెన్సున్న మెకానిక్కుదే.

స్క్రీన్ల కంటే ముందు చవక పనులు ఉంటాయి. కార్బన్ మోనాక్సైడ్ చూపించే చిన్న డిటెక్టరు, సీటు బెల్టులు, పాత బ్యాటరీ, ఆల్టర్నేటరు, విమానం పడిపోతే సాయం కోసం సిగ్నల్ పంపే ఈఎల్‌టీ పెట్టె పాత 121.5 ఫ్రీక్వెన్సీది ఉంటే దాన్ని తీసేసి 406ది, ఎందుకంటే ఆ పాత ఫ్రీక్వెన్సీని ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరిలోనే మానేసినాయి. ఇవి ఫోటోకు రావు కాబట్టి ఎవరూ చెయ్యరు. తర్వాత స్క్రీన్లు, దాంతో పాటే ఆటోపైలట్, అది విలాసం కాదు, మబ్బులో ఇరుక్కున్నోడికి రెక్కలు సమంగా పట్టుకునేది. కరెంటు పోతే ఏం పోతాదో ముందు రాసుకో. నీ ఇంజను మ్యాగ్నెటోలతో తిరిగేది కాబట్టి బ్యాటరీ చచ్చినా తిరుగుతాది, రేపు సరదాపడి రెండు పక్కలా ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టితే కొన్ని రకాలకు ఆ ధీమా ఉండదు.

కాన్‌స్టెంట్ స్పీడ్ ప్రొపెల్లరు అన్నావు, అంటే ఆకుల కోణం తానే మార్చుకునేది. ముందు నీ ఓ-320 ఏ మోడలో నంబరు చూడు, క్రాంక్‌షాఫ్ట్ లోపల బోలుగా ఉండి ఆయిల్ పోయే దారి, ఆ కోణాన్ని నడిపే గవర్నరు అనే భాగం కూర్చునే చోటు ఉంటేనే అది పని చేస్తాది, అన్ని ఓ-320లకూ ఉండదు. ఉన్నా కూడా ముక్కు బరువు పెరుగుతాది, మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టి బరువు, బ్యాలెన్సు మళ్లీ లెక్క కట్టాల. అది మేజర్ చేంజ్ కిందికి వస్తాది, ఆపరేటింగ్ లిమిటేషన్స్ చదవమంటి గదా, మామూలుగా దాంట్లో ఉంటాది, ఆడి విమాన శాఖ ఎఫ్ఏఏకు చెప్పి, మళ్లీ కనీసం ఐదు గంటలు ఒంటరిగా టెస్టు ఎగరాల, పక్కన ఎవరినీ ఎక్కించుకోకుండా. దీని డబ్బుతో నువ్వు మూడేళ్లు పెట్రోలు పోసుకోవచ్చేమో. నేనైతే కట్టెదాన్నే ఉంచుకుంటా.

పెయింటు చూడ్డానికి అన్నింటికంటే అమాయకమైన పని. విమానాన్ని పక్కకు వంచే ఎయిలరాన్లు, తోకలోని ఎలివేటర్ల ముందు అంచుల్లో బరువులు పెట్టి తక్కెడ మాదిరి తూచి ఉంటారు. వెనక వైపు రెండు కోట్లు రంగు ఎక్కువ పడితే ఆ తూకం చెడతాది, వేగంలో జెండా కొట్టుకున్నట్లు కొట్టుకునే గుణం వస్తాది, ఫ్లట్టర్ అంటారు దాన్ని, మొదలైతే క్షణాల్లో తోక ఊడేంత పని. పెయింటు వేపిస్తే పాతది గీకి, వేసినాక మళ్లీ తూకం చూపిచ్చు. కార్లకు వేసే పెయింటరు ఇది చెప్పడు.

ప్రశ్న: మేము కర్నూలులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇట్లాంటి విమానం మనం కట్టి ఓర్వకల్లులో పెట్టుకోని ఎగరలేమా సార్?
— కర్నూలు

జవాబు: రన్‌వేకు కొదవ లేదు తల్లీ. 2021 మార్చిలో తెరిచిన ఆ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఎయిర్‌పోర్టు రన్‌వే 2 కిలోమీటర్లు, ఆర్‌వీ లాంటిదానికి మూడు వందల మీటర్లు చాలు. ఇబ్బంది కాగితాల దగ్గర. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్టు అపార్ట్‌మెంటు మిద్దె మీద ఆరు సీట్ల విమానం కట్టినాడు, మన విమాన శాఖ డీజీసీఏ నుంచి రిజిస్ట్రేషను 2017లో, ఎగరడానికి పర్మిట్టు 2019లో వచ్చినాయి, అంతకుముందు ఏండ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినాడు. రెండోది పెట్రోలు. ఈ ఇంజన్లు తాగే ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ చాలాకాలం బయటి నుంచే తెప్పిచ్చుకునేవాళ్లం, 2022లో ఇండియన్ ఆయిల్ వడోదరలో తయారు చెయ్యడం మొదలుపెట్టింది, అయినా బంకులో దొరికేది కాదు. మీరు ముందు ఒక రెక్క ముక్క కట్టండి, కిట్టోళ్లు ప్రాక్టీసుకు చిన్న ముక్కలు అమ్ముతారు. రివిట్లు కొట్టేది చేతికి వచ్చినాక మళ్లీ రాయండి, ఇద్దరు కావాల దానికి, ఒకరు గన్ను పట్టుకోడానికి, ఒకరు వెనక దిమ్మె పట్టుకోడానికి, గొడవ పడకుండా.

ప్రశ్న: వచ్చే నెల అమెరికా పోతున్నా. మా మరిది అదే రకం ఆర్‌వీ విమానంలో ఒక రౌండు తిప్పుతా వదినా అంటున్నాడు. ఎక్కొచ్చా?
— కడప, ఎర్రముక్కపల్లె

జవాబు: లోపల నీకు కనపడేటట్లు ఒక బోర్డు ఉంటాది చెల్లెమ్మా, ఇది అమెచూర్ కట్టిన విమానం, మామూలు విమానాలకు పెట్టిన ఫెడరల్ భద్రతా నిబంధనలకు లోబడింది కాదు అని. అది చదివినాక కూడా మనసు ఒప్పుకుంటే ఎక్కు. మరిదిని రెండే అడుగు, ఈ మూడు నెలల్లో ఎన్ని గంటలు ఎగిరినావు, ఇంతకుముందు పక్కన మనిషితో దిగినావా అని. నసిగితే కాఫీ తాగి వచ్చెయ్యి. ఎక్కే రోజు మాత్రం చీర వద్దు, చుడీదార్ వేసుకో, రెక్క మీద కాలు పెట్టి ఎక్కాల, బాడీ పక్కన నల్లగా గరుకు పట్టీ ఉంటాది, దాని మీదే అడుగెయ్యి, పక్కన వేస్తే రేకు సొట్ట పడతాది.